బ్రిటన్ సర్కారు దుబారా, నిలబెట్టుకోని హామీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా పన్ను కడుతున్న తెలుగువాళ్ళు, అక్కడ చదువుకునే పిల్లల తల్లిదండ్రులు, వార్తల్లో హెచ్ఎస్2, రువాండా అన్న మాటలు విని ‘ఏంటీ గొడవ’ అనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలివి. లెక్కలు చాలావరకు బ్రిటన్ ఆడిట్ సంస్థ, పార్లమెంటు కమిటీలు, మంత్రులు స్వయంగా బయటపెట్టినవి. అభిప్రాయాలు నావి.

అసలు అక్కడి జనం కోపం దేనిమీద? పన్నులు ఎక్కువనా?

పన్నుల మీద సణుగుడు ఎప్పుడూ ఉండేదే. ఇప్పటి కోపం వేరు: ‘కట్టిన డబ్బు ఎటు పోయింది?’ అని. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, రోడ్డు మీద గుంత నెలల తరబడి అలాగే ఉంటుంది, అదే రోజు వార్తల్లో ఏదో పథకం వందల మిలియన్లు మింగి రద్దయిందని వస్తుంది. ఈ మూడూ ఒకే మనిషి చూస్తాడు.

2023లో జరిపిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో, ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, పార్టీ కన్నా దేశాన్ని ముందు పెడుతుందని దాదాపు ఎన్నడూ నమ్మం అని చెప్పినవాళ్ళు 45 శాతం. ఆ సర్వే చరిత్రలో అదే ఎక్కువ. మరుసటి ఏడాది ఎన్నికల్లో లేబర్ పార్టీ 411 సీట్లతో గెలిచింది కానీ, వచ్చిన ఓట్లు 33.7 శాతమే. అంటే అది కొత్తవాళ్ళ మీద నమ్మకంతో వేసిన ఓటు కాదు, పాతవాళ్ళను (కన్సర్వేటివ్ పార్టీని) పంపించడానికి వేసిన ఓటు.

నా మటుకు నాకు దుబారా, మాట తప్పడం రెండూ ఒకే జబ్బు. పథకం ప్రకటించినవాడికి ఫొటో వస్తుంది, హెడ్‌లైన్ వస్తుంది. పదేళ్ళ తర్వాత దాన్ని పూర్తిచేయాల్సింది ఇంకొకడు. బిల్లు మూడోవాడి నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు ప్రకటించడానికి ఉన్న ఉత్సాహం ముగించడానికి ఎందుకుంటుంది?

బిలియన్ పౌండ్లంటే మన లెక్కలో ఎంత?

వంద కోట్ల పౌండ్లు. రూపాయల్లో 11,000 కోట్లకు పైమాటే. బ్రిటన్ ప్రభుత్వ మొత్తం ఖర్చు ఏడాదికి సుమారు 1.3 ట్రిలియన్ పౌండ్లు, అందులో అప్పుల మీద వడ్డీయే 100 బిలియన్లు దాటుతుంది. కాబట్టి ‘దుబారా ఆపేస్తే పన్నులు సగానికి తగ్గుతాయి’ అనేవాళ్ళ మాట నమ్మకండి. అలాగని ‘ఇంత పెద్ద బడ్జెట్లో ఇదెంత’ అనేవాళ్ళనూ నమ్మకండి.

హెచ్ఎస్2 అంటే ఏమిటి? ప్రతి చర్చా దాని దగ్గరే ఎందుకు ఆగుతుంది?

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు, అక్కణ్ణుంచి రెండుగా చీలి ఒకటి మాంచెస్టర్‌కు, ఇంకొకటి లీడ్స్‌కు వెళ్ళాల్సిన హైస్పీడ్ రైలు మార్గం. 2012లో పచ్చజెండా ఊపినప్పటి అంచనా 32.7 బిలియన్ పౌండ్లు. 2015కి 55.7 బిలియన్లు అయింది. 2020లో వచ్చిన ఓకర్వీ సమీక్ష 106 బిలియన్ల దాకా పోవచ్చని చెప్పింది. అయినా ముందుకే వెళ్దామన్నారు అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్.

2021 నవంబరులో లీడ్స్ కొమ్మ నరికేశారు. 2023 అక్టోబరు 4న ప్రధాని రిషి సునాక్ మాంచెస్టర్ కొమ్మ కూడా రద్దు చేశారు. ఆ మాట ఎక్కడ చెప్పారనుకుంటున్నారు? మాంచెస్టర్‌లోనే, పార్టీ మహాసభలో. ఆ సభ జరిగిన భవనం ఒకప్పటి రైల్వే స్టేషన్. మీకు రైలు రాదని చెప్పడానికి ఆ ఊరి పాత స్టేషన్‌కే వెళ్ళారన్నమాట. రద్దయిన భాగం మీద అప్పటికే రెండు బిలియన్లకు పైగా ఖర్చయింది.

మిగిలింది లండన్–బర్మింగ్‌హామ్ ముక్క. దానికి 2025 నాటికి సుమారు 40 బిలియన్లు అయిపోయాయి. ఆ ఏడాది జూన్‌లో రవాణా మంత్రి హైడీ అలెగ్జాండర్ పార్లమెంటులో లేచి 2033కల్లా రైళ్ళు నడపడం కుదరదని ఒప్పుకున్నారు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, మాంచెస్టర్ వెళ్ళే హెచ్ఎస్2 రైళ్ళు బర్మింగ్‌హామ్ దాటాక పాత పట్టాల మీదే పోవాలి. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు పొట్టివి. దాంతో ఇప్పుడు తిరుగుతున్న పొడుగాటి పెండొలినో రైళ్ళలో కన్నా కొత్తవాటిలో సీట్లు తక్కువ పడే అవకాశం ఉందని ఆడిట్ సంస్థ 2024లో చెప్పింది. ఇన్ని బిలియన్లు పోసి సీట్లు తగ్గించుకోవడమన్నమాట.

దగ్గర్నుంచి చూడాలంటే లండన్‌లో యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్‌కు వెళ్ళాలి. దోసెలు, భేల్‌పూరీ, మిఠాయిలు దొరికే వీధి. లండన్‌లో మన తిండి కోసం మొహంవాచిన మూడు తరాల వాళ్ళకు తెలిసిన చోటు. హెచ్ఎస్2 పనులకని చుట్టూ కంచెలు లేచాయి, స్టేషన్ వైపు నుంచి నడిచి వచ్చే గిరాకీ తగ్గింది. పక్కనే ఉన్న పాత శ్మశానవాటికను మొత్తం తవ్వి అస్థికలు తరలించారు. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి మ్యాపు గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ శవపేటిక 2019లో దొరికింది అక్కడే. చనిపోయినవాళ్ళను లేపారు, బతికున్నవాళ్ళ ఇళ్ళూ హోటళ్ళూ కూల్చారు, 2023 మార్చిలో ‘ఖర్చు పెరిగిపోయింది, రెండేళ్ళు ఆపుతున్నాం’ అన్నారు. అప్పటికే ఒక స్టేషన్ డిజైన్ గీయించి పక్కన పడేశారు. దానికే 100 మిలియన్లకు పైగా పోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక, యూస్టన్ దాకా సొరంగం తవ్వుతాం, డబ్బిస్తాం అన్నారు. ఆ వీధిలో కొట్టు నడిపేవాడికి ఇన్నేళ్ళలో ఎవరూ సూటిగా చెప్పనిది ఒక్కటే: ఈ కంచె ఎప్పుడు తీస్తారు?

గబ్బిలాల కోసం 100 మిలియన్లు పెట్టారట, నిజమా?

నిజమే. బకింగ్‌హామ్‌షైర్‌లో షీప్‌హౌస్ వుడ్ అనే అడవి పక్కన, బెక్‌స్టైన్ జాతి గబ్బిలాలు రైళ్ళకు తగలకుండా పట్టాల మీద సుమారు కిలోమీటరు పొడవున కప్పు కడుతున్నారు. ఖర్చు 100 మిలియన్లకు పైన. ఈ ప్రాజెక్టుకు వేలకొద్దీ అనుమతులు కావాల్సి వచ్చాయని ఆ సంస్థ ఛైర్మనే 2024లో చెప్పారు.

ఇది జోకులకు బాగా పనికొచ్చింది కానీ, అసలు గుట్టు ఇది కాదు. బిలియన్లలో పెరిగిన బిల్లులో గబ్బిలాల వాటా చిన్నది. తప్పంతా గబ్బిలాల మీదికి నెట్టేస్తే హాయిగా ఉంటుంది కదా, అవి ప్రెస్‌మీట్ పెట్టి జవాబు చెప్పవు.

మరి అంచనాలు అంతంత ఎందుకు పెరుగుతాయి?

డిజైన్ పూర్తికాకముందే పని మొదలుపెడతారు. ఎంత ఖర్చయితే అంతా ఇస్తామనే తరహా కాంట్రాక్టులు రాస్తారు, దాంతో పొదుపు చేయాల్సిన అవసరం కాంట్రాక్టరుకు ఉండదు. దారిలో ఉన్న ఊళ్ళవాళ్ళు అభ్యంతరం పెడితే పట్టాలు భూమి కిందికి పోతాయి, సొరంగం మీటరు మీటరుకూ డబ్బు. రవాణా మంత్రులు ఏడాదికీ రెండేళ్ళకూ మారిపోతుంటారు, వచ్చినవాడల్లా ఒక సమీక్ష వేస్తాడు, సమీక్ష జరిగినన్నాళ్ళూ కూలీలూ యంత్రాలూ జీతాలూ అలాగే ఉంటాయి.

అన్నిటికన్నా పెద్దది, మొదటి అంచనాయే తక్కువ వేయడం. నిజం ఖర్చు ముందే చెబితే పథకం పాస్ కాదని అందరికీ తెలుసు. పోలవరం, కాళేశ్వరం అంచనాలు సవరించిన తీరు చూసినవాళ్ళకు ఈ ముక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

కోవిడ్ కాలంలో ఖర్చును కూడా దుబారా అనడం న్యాయమేనా?

కొంత న్యాయం, కొంత అన్యాయం. 2020–21లో మాస్కులు, గౌన్లు, గ్లవ్స్ లాంటి పీపీఈ కోసం ఆరోగ్య శాఖ 12 బిలియన్ల పౌండ్లు పెట్టింది. అందులో 8.7 బిలియన్ల విలువ పోయిందని లెక్కల్లో రాసుకుంది. ఈ అంకె విని అందరూ మండిపడతారు. కానీ అందులో 4.7 బిలియన్లు ధరలు పడిపోవడం వల్ల పోయినవి. ప్రపంచమంతా ఒకేసారి కొనడానికి ఎగబడ్డప్పుడు ఎక్కువ ధరకు కొన్నారు, తర్వాత రేటు తగ్గింది. ఆ రోజుల్లో మన ఊళ్ళో ఆక్సిజన్ సిలిండర్ ఎంతకు కొన్నామో గుర్తుంటే దాన్ని తప్పు పట్టలేం.

మిగతా 4 బిలియన్ల సరుకు సంగతి వేరు. కొంత పూర్తిగా పాడైన సరుకు, చాలావరకు ఆసుపత్రుల్లో వాడకానికి పనికిరానిది, ఇంకొంత వాడేలోపే గడువు తీరిపోయేది. గోదాముల్లో దాచడానికి అద్దె కట్టి, చివరికి కాల్చి కరెంటు తీస్తామన్నారు.

జనానికి నిజంగా మండింది ‘వీఐపీ లేన్’ దగ్గర. మంత్రులు, ఎంపీలు, ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) సభ్యులు సిఫారసు చేసిన కంపెనీలకు ప్రత్యేకమైన వరస. ఆ వరసలో పదింట ఒకరికి కాంట్రాక్టు దక్కింది, మామూలు వరసలో వందలో ఒకరికి కూడా దక్కలేదని ఆడిట్ సంస్థ తేల్చింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని 2022 జనవరిలో హైకోర్టు చెప్పింది. ప్రభువుల సభ సభ్యురాలు మిషెల్ మోన్ సిఫారసు చేసిన పీపీఈ మెడ్‌ప్రో అనే కంపెనీ ఇచ్చిన 2.5 కోట్ల గౌన్లు ఒప్పందం ప్రకారం లేవని, సుమారు 122 మిలియన్ల పౌండ్లు తిరిగి కట్టాలని 2025 అక్టోబరులో కోర్టు తీర్పునిచ్చింది. తీర్పు వచ్చే ముందురోజే కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళిపోయింది.

రువాండా పథకం కథేంటి?

చిన్న పడవల్లో ఇంగ్లిష్ ఛానెల్ దాటి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళను ఆఫ్రికాలోని రువాండాకు పంపేస్తామని 2022 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు కుదరదంది. కోర్టును దాటడానికి కొత్త చట్టం చేశారు. 2024 జులైలో ప్రభుత్వం మారి పథకం రద్దయింది. రువాండాకు ఇచ్చింది 290 మిలియన్లు, అన్నీ కలిపి 700 మిలియన్లు పోయాయని కొత్త హోం మంత్రి చెప్పారు. వెళ్ళినవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ తమ ఇష్టం మీద వెళ్ళినవాళ్ళే.

ఇంకా చిన్న ఉదాహరణలు ఉన్నాయా?

చిన్నవే ఒక్కోసారి ఎక్కువ కోపం తెప్పిస్తాయి, ఎందుకంటే అవి అర్థమవుతాయి.

ఈస్ట్ ససెక్స్‌లో నార్త్‌ఐ అని ఒక పాడుబడ్డ జైలు ఉంది. శరణార్థులను ఉంచడానికని హోం శాఖ 2023లో 15.4 మిలియన్లకు కొంది. అమ్మినవాళ్ళు దాన్ని ఏడాది క్రితం కొన్నది 6.3 మిలియన్లకు. లోపలంతా ఆస్బెస్టాస్ కాలుష్యం, మనుషులను ఉంచడానికే వీల్లేదు. ఇంటి లోన్ కోసం సర్వేయర్‌ను పెట్టి, గోడలో చెమ్మ ఉందా అని నాలుగు రిపోర్టులు చదివి సంతకం పెట్టే మనలాంటివాళ్ళకు ఇది ఎలా మింగుడుపడుతుంది?

బ్రెగ్జిట్ కంగారులో 2018 చివర్లో సీబోర్న్ ఫ్రైట్ అనే కంపెనీకి 13.8 మిలియన్ల ఓడల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ కంపెనీకి ఓడలు లేవు. కాంట్రాక్టు రద్దయింది, దానికి డబ్బు కట్టలేదు. అయితే ఆ కాంట్రాక్టులు పంచిన తీరు మీద ఇంగ్లిష్ ఛానెల్ కింద రైలు సొరంగం నడిపే యూరోటన్నెల్ కంపెనీ కోర్టుకెక్కితే 33 మిలియన్లు ఇచ్చి రాజీ పడ్డారు. లండన్‌లో థేమ్స్ మీద కడతామన్న గార్డెన్ బ్రిడ్జ్ మీద 53 మిలియన్లు పోయాయి, అందులో 43 మిలియన్లు ప్రజల సొమ్ము. నది మీద ఒక్క స్తంభం లేవలేదు.

హామీల్లో అందరికీ గుర్తుండిపోయింది ఏది?

యూనివర్సిటీ ఫీజులు. 2010 ఎన్నికల ముందు లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు ఫీజుల పెంపుకు వ్యతిరేకంగా ఓటేస్తామని కార్డుల మీద సంతకాలు చేసి ఫొటోలు దిగారు. సంకీర్ణంలో చేరాక ఆ ప్రభుత్వమే ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచింది. పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ 2012లో క్షమాపణ చెప్పారు. 2015లో ఆ పార్టీ ఎంపీల సంఖ్య 57 నుంచి 8కి పడిపోయింది. మాట తప్పినందుకు జనం ఇంత గట్టిగా బుద్ధి చెప్పిన సందర్భాలు అక్కడ తక్కువ.

2019లో కన్సర్వేటివ్‌లు 2030కల్లా 40 కొత్త ఆసుపత్రులు కడతామన్నారు. వాటిలో కొన్ని పాత ఆసుపత్రులకు కొత్త విభాగాలు మాత్రమేనని తర్వాత తేలింది. 2025 జనవరిలో లేబర్ ప్రభుత్వం కొత్త పట్టిక ఇచ్చింది: కొన్నిటికి పునాది 2030ల చివర్లో గానీ పడదు. ఈలోగా కొన్ని చోట్ల పైకప్పు కూలకుండా ఇనుప స్తంభాలు ఆనించి నడుపుతున్నారు.

పన్నుల విషయంలో రెండు పార్టీలదీ ఒకటే తీరు. నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద ఉద్యోగీ యజమానీ కట్టే చందా) పెంచబోమని 2019లో కన్సర్వేటివ్‌లు రాసిచ్చారు, 2022లో పెంచారు, అదే ఏడాది చివర్లో వెనక్కి తీసుకున్నారు. 2024లో లేబర్ అదే మాట రాసిచ్చి, అక్టోబరు బడ్జెట్‌లో యజమానుల వాటాను 13.8 నుంచి 15 శాతానికి పెంచింది. ‘మేం ఉద్యోగుల వాటా గురించే చెప్పాం’ అన్నారు. యజమాని ఆ భారాన్ని ఎవరి జీతం పెంపులోంచి కోస్తాడో అందరికీ తెలుసు.

రేటు పెంచకుండా పన్ను పెంచే ఇంకో దారి ఉంది. పన్ను పడని ఆదాయ పరిమితి 12,570 పౌండ్ల దగ్గర, 40 శాతం పన్ను మొదలయ్యే మెట్టు 50,270 దగ్గర 2021 నుంచీ గడ్డకట్టాయి. 2025 బడ్జెట్‌లో దాన్ని 2031 దాకా పొడిగించారు. ధరలతో పాటు జీతం కాస్త పెరగ్గానే పైమెట్టు ఎక్కేస్తారు. మన ఐటీ వాళ్ళు పేస్లిప్ చూసి ‘హైక్ వచ్చింది, చేతికొచ్చింది మాత్రం అంతేగా’ అనుకునేది ఇందుకే.

ఏ పార్టీ ఎక్కువ దుబారా?

ఆసుపత్రులను కంప్యూటర్లతో కలిపే పథకాన్ని 2002లో మొదలుపెట్టింది లేబర్. పదేళ్ళు తిరక్కుండా దాన్ని ఆపేసేనాటికి లెక్క 10 బిలియన్ల దరిదాపుల్లో ఉంది. రువాండా కన్సర్వేటివ్‌లది. హెచ్ఎస్2 ఇద్దరిదీ. తిలా పాపం తలా పిడికెడు.

వలస వచ్చినవాళ్ళ మీదే డబ్బంతా పోతోందట కదా?

ఈ ప్రశ్న మన పిల్లలకు ఆఫీసుల్లోనూ పబ్బుల్లోనూ ఎదురవుతుంది. శరణార్థుల వసతి ఖర్చు పెరిగిన మాట వాస్తవం. 2019లో రాసుకున్న కాంట్రాక్టులకు పదేళ్ళలో 4.5 బిలియన్లు అవుతుందన్నారు, ఇప్పుడు 15.3 బిలియన్లు అవుతుందని ఆడిట్ సంస్థ 2025లో చెప్పింది. దరఖాస్తులు ఏళ్ళ తరబడి తేల్చకపోవడం, హోటళ్ళలో పెట్టడం దీనికి ముఖ్య కారణాలు. అది కార్యాలయాల చేతకానితనం.

వర్క్ వీసా, స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళకు సర్కారు భృతులు అందవు. వైద్యం కోసం పెద్దవాళ్ళు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులు 776 పౌండ్లు వీసాతో పాటే ముందే కట్టేస్తారు. జీతంలో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ మళ్ళీ వేరే. పైగా అయిదేళ్ళకు శాశ్వత నివాసం వస్తుందన్న లెక్కతో ఇల్లూ పిల్లల బడీ కుదుర్చుకున్నవాళ్ళకు, దాన్ని పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం చెప్పింది. మాట మార్చడం అంటే ఏమిటో మనవాళ్ళకు టెన్షన్ పుట్టేలా తెలిసింది అప్పుడే.

కౌన్సిళ్ళు (మన మున్సిపాలిటీల లాంటివి) కూడా దివాలా తీస్తాయా?

కంపెనీల్లా మూతపడవు. ‘సెక్షన్ 114’ నోటీసు ఇచ్చి, చట్టప్రకారం తప్పనివి తప్ప కొత్త ఖర్చులు ఆపేస్తాయి. బర్మింగ్‌హామ్ 2023 సెప్టెంబరులో ఇచ్చింది. ఆడవాళ్ళకు సమాన వేతనం ఎగ్గొట్టినందుకు వచ్చిన బకాయిలు ఒక కారణం. 19 మిలియన్లలో అయిపోతుందన్న ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ 100 మిలియన్లు దాటడం ఇంకో కారణం. లండన్ పక్కనున్న వోకింగ్ హోటలూ ఆకాశహర్మ్యాలూ కట్టించి 2 బిలియన్ల అప్పులో పడింది.

బర్మింగ్‌హామ్‌లో కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) వరసగా 10, 7.5 శాతం పెరిగింది. 2025 మార్చిలో చెత్త ఎత్తే కార్మికులు పూర్తి సమ్మెకు దిగారు, వీధుల్లో సంచులు గుట్టలు పడ్డాయి. అయితే కౌన్సిళ్ళ కష్టాలన్నీ స్వయంకృతం కాదు. 2010 తర్వాత కేంద్రం నుంచి వచ్చే నిధులు బాగా తగ్గాయి, ముసలివాళ్ళ సంరక్షణ ఖర్చు మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది.

లెక్కలు అడిగేవాళ్ళు ఎవరూ లేరా?

ఉన్నారు, గట్టివాళ్ళే. మన కాగ్ లాంటిది నేషనల్ ఆడిట్ ఆఫీస్. దాని రిపోర్టుల మీద అధికారులను పిలిచి నిలదీసేది పబ్లిక్ అకౌంట్స్ కమిటీ, 1861లో పుట్టింది. మన దగ్గరలాగే అధ్యక్ష పదవి ప్రతిపక్షానిదే. పైన చెప్పిన చాలా సంగతులు బయటికొచ్చింది వీళ్ళ వల్లే. కానీ వీళ్ళు డబ్బు పోయాక వస్తారు. శిక్షించే అధికారం లేదు. మంత్రి అప్పటికి వేరే శాఖలో ఉంటాడు, అధికారి ప్రమోషన్ మీద వెళ్ళిపోయి ఉంటాడు.

నాది ఇండియన్ పాస్‌పోర్ట్. నేనేం చేయగలను?

అనుకున్నదాని కన్నా చాలా చేయొచ్చు. చెల్లే వీసా మీద ఉంటున్న భారతీయులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి పార్లమెంటుకూ కౌన్సిల్‌కూ ఓటేయొచ్చు. స్టూడెంట్లు కూడా. పోలింగ్ బూత్‌లో చూపించాల్సిన ఫొటో ఐడీగా ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. మనవాళ్ళు చాలామంది క్రెడిట్ స్కోర్ బాగుంటుందని ఓటరు జాబితాలో పేరు ఎక్కిస్తారు, పోలింగ్ రోజు మాత్రం ఇంట్లోనే ఉండిపోతారు.

సమాచార హక్కు అక్కడా 2005 నుంచే అమల్లో ఉంది. ఏ దేశం వాళ్ళయినా, ఎక్కడి నుంచైనా అడగొచ్చు. ఫీజు లేదు, ఈమెయిల్ చాలు, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఇంగ్లండ్‌లో అయితే ఏటా 30 పనిదినాలు కౌన్సిల్ ఖాతాలు జనం చూడటానికి తెరిచిపెడతారు. బిల్లులు, కాంట్రాక్టులు అడిగి చూడొచ్చు. ఓటరైతే ఆడిటర్‌కు అభ్యంతరం కూడా రాయొచ్చు. ఆ తేదీలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఏ మూలనో పెడతారు, వెతుక్కోవాలి.

సమాచారం అడిగేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

‘మీరు డబ్బు ఎందుకు తగలేశారు’ అని రాస్తే జవాబు రాదు. వాళ్ళ దగ్గర రాసిపెట్టి ఉన్నదే అడగాలి: ఫలానా రోడ్డు పనికి ఏ కంపెనీకి, ఏ తేదీల మధ్య, ఎంత చెల్లించారు, మొదటి అంచనా ఎంత. పదేళ్ళ లెక్కలు ఒకేసారి అడిగితే, వెతకడానికి ఖర్చు పరిమితి దాటుతోందని తిప్పికొడతారు. కేంద్ర శాఖలకు ఆ పరిమితి 600 పౌండ్లు, కౌన్సిళ్ళకు 450. కాబట్టి ఒక ఏడాదికి, ఒక పనికి కుదించి అడగండి. ‘వాణిజ్య రహస్యం’ అని నిరాకరిస్తే ముందు ఆ కార్యాలయాన్నే పునఃపరిశీలించమని రాయాలి. అక్కడా పని జరక్కపోతే ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి, దానికీ ఫీజు లేదు. మొదటి ఈమెయిల్ పంపిన తేదీ మాత్రం రాసిపెట్టుకోండి. గడువు లెక్క అక్కణ్ణుంచే.